ఒక్క లైను ప్రయోగం

ప్రిన్సిపాల్ గారికి,

కిషన్ సార్ నా ల్యాబ్ రికార్డులో సంతకం పెట్టనంటున్నారు. సంతకం లేకపోతే నాకు హాల్ టికెట్ రాదు. మీ గదిలోకి పంపించడం లేదు కాబట్టి ఈ కార్డు రాస్తున్నాను.

చిప్ డిజైన్ కంపైలర్ అనే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లో ఎక్కించడమే మా ప్రయోగం. ఒక్క కమాండ్ కొట్టాను, ఎక్కింది. రికార్డులో అదే రాశాను.

"ఏందమ్మా, గిట్ల ఒక్క లైనా? అందరు ఇరవై పేజీలు రాసిన్రు."

"వాళ్లది నడవట్లేదు సార్."

"నడుసుడు తర్వాత. మార్జినేది? బొమ్మేది?"

సంతకం లేని ప్రయోగాన్ని కంప్యూటర్లోంచి తీసేయాలని ల్యాబ్ రూలు. పదహారున తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి ల్యాబంతటికీ నడిచే కంపైలర్ నాదొక్కటే.

తీసేయమంటారా? పద్నాలుగులోగా జవాబివ్వగలరు.

సాయిదుర్గ,
నేరేడ్‌మెట్, సికింద్రాబాద్,
9-2-2004