వారానికో గుండీ

"మళ్లీ ఊడిందా!" దర్జీ మాస్టారి మీసాలు లేచాయి.

"ఊడింది మాస్టారూ. ఎక్కడ పడిపోయిందో ఏమో, కొత్తది కుట్టండి," అంటూ గుండీలాయన చొక్కా బల్లమీద పెట్టాడు.

వారం వారం ఇదే తంతు. గుండీలాయన అన్న పేరు మాస్టారు పెట్టిందే.

"నీ పొట్ట చూస్తే వెన్నుకంటుకుపోయింది. గుండీలెలా తెగుతున్నాయయ్యా?"

"కుట్టిన చేతినడగండి."

మిషను తొక్కుతున్న కూతురు కిసుక్కున నవ్వింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పక్షవాతం వచ్చి తగ్గినా ఎడమచేతి పిడికిలి బిగుసుకునే ఉంది. తెరవబోతే ఇంకా బిగుస్తుంది. తుమ్మితే చాలు, మోచెయ్యి తనంతట తానే ముడుచుకుంటుంది. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేయించుకోమంటే, "నా వేళ్లు ఎవడో పీకడమేంటి?" అని అటు వెళ్లనే లేదు. మిషను కూతురికి వదిలేశాక ఆయనకు మిగిలినవి గుండీలే. అవీ నిలవకపోతే?

"బట్ట ఎడమచేత్తో పట్టుకుని చూడండి," అన్నాడు గుండీలాయన.

"ఇది తెరుచుకుని ఏడిస్తేగా!"

"లాగకండి, మొండికేస్తుంది. ముందు మణికట్టు కిందికి వంచండి. ఆఁ... ఇప్పుడు బొటనవేలు. మెల్లగా, అలిగిన అల్లుణ్ణి బతిమాలినట్టు."

"కుట్టించుకోడానికొచ్చి నాకే పాఠాలా?" అంటూనే వంచాడు. పిడికిట్లోకి చొక్కా అంచు దూరింది.

పై వారం ఆ గుండీ కూడా ఊడింది.

మాస్టారికి పంతం పట్టుకుంది. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి, వేళ్లను ఒక్కొక్కటే బతిమాలడం మొదలుపెట్టాడు.

"మూడు ముళ్లూ వేశాను. ఇక నీ చొక్కాకీ గుండీకీ విడాకుల్లేవు, పో!"

అయినా విడిపోయాయి.

ఆరునెలలకు ఎడమచెయ్యి విచ్చుకుని, బట్టను మిషను సూది కిందికి తోసింది. సరిగ్గా ఆ రోజే గుండీలాయన మళ్లీ చొక్కా తెచ్చాడు.

"ఇంకోసారి వచ్చావంటే గెంటేస్తా!"

ఆయన ఆ చేతివంక చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

రెండు వారాలు పోయాక మాస్టారు ఫిజియోథెరపీ గదికి వెళ్లాడు, గొప్పలు పోవడానికే.

"చూడమ్మా! మీ గడప తొక్కకుండానే!" అని నర్సు ముందు అరచెయ్యి విప్పాడు.

"దర్జీ మాస్టారు కదూ? మీరు దెబ్బలాటకొస్తారని మా డాక్టరుగారు ముందే చెప్పారు. నిన్ననే బదిలీ మీద వెళ్లిపోయారు. ఇది మీకిమ్మన్నారు."

రేకు డబ్బా. మాస్టారు ఎడమచేత్తోనే మూత తీశాడు.

నిండా తాను కుట్టిన గుండీలే. ఒక్కటైనా ఊడింది కాదు, అన్నీ కత్తెరతో దారం నున్నగా కోసి తీసినవే.