గింజలు పెట్టని చెయ్యి

"పెట్టవ్వా, పెట్టు! గింజలు పిడికిట్ల పట్టుకొని అట్లనే నిలబడితే ఎట్ల?"

సన్నే అరుపుకు కాకులు ఎగిరిపోయాయి గాని దుర్గమ్మ పిడికిలి మాత్రం విచ్చుకోలేదు. ఆమె ఎదురుగా, రోడ్డు పక్కన నిలువెత్తు రాయి. దాని ముందు కూర్చుని నాలుగు వడ్ల గింజలు పెట్టి, దండం పెట్టి లేవాలి. సీను అంతే. మాటలు కూడా లేవు. పొద్దుటి నుంచి అన్నీ అయ్యాయి, ఇదొక్కటి తప్ప.

"లైటు పోతాంది సన్నే," కెమెరా వెనక నుంచి నంద విసుక్కున్నాడు. "జల్దీ కానియ్యి."

జల్దీ అట, జల్దీ! తనకు తెలీదా? సన్నే కాలు కాలిన పిల్లిలా రాయి చుట్టూ తిరిగింది. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ మలుపు దాకా వచ్చేసింది. దాని రొద ఇక్కడికి వినిపిస్తోంది. తెల్లారితే ఈ రాయి ఉండదు. రాయి పోతే లక్మే అనే మనిషి ఈ నేల మీద బతికిందనడానికి ఇంకేం మిగలదు. ఫొటో లేదు, ఆధార్ లేదు, ఆ మాటకొస్తే ఆ ఊరే లేదు.

లక్మే సన్నేకి నాన్నమ్మ. గొడవల కాలంలో ఊరు తగలబడుతుంటే అందరూ అడవిలోకి పరిగెత్తారు. లక్మే మాత్రం విత్తనాల బుట్ట కోసం వెనక్కి వెళ్లింది. మళ్లీ కనిపించలేదు. సన్నే అప్పటికి చంకపిల్ల. నాన్న లచ్చు ఒక పంటకాలం ఎదురుచూసి, ఇక ఆశ వదులుకుని, తమ దొర్ల తెగ ఆచారం ప్రకారం తల్లి పేరున రాయి నిలిపాడు. రాయి నిలిపారంటే ఆ మనిషి పెద్దల్లో కలిసినట్టే. ఇంట్లో ఆమె వాటా కూడు వండరు. ఆ గడప ఇక ఆమెది కాదు.

ఆ కథనే సన్నే సినిమా తీస్తోంది, తమ దొర్లి భాషలో. బయటివాళ్లు కెమెరాలేసుకుని రావడం, నెమలీకలూ డోళ్లూ మాత్రం చిత్రించుకుని పోవడం చూసి చూసి ఒళ్లు మండి, జగదల్‌పూర్ వెళ్లి తనే పని నేర్చుకుని వచ్చింది. మన కథ మన నోటితోనే చెప్పుకోవాలని ఆమె పంతం. తీరా చూస్తే వేషం కట్టడానికి ముసలివాళ్లు దొరకలేదు. పాత ఊరివాళ్లు ఎవరు మిగిలారు గనక! చివరికి దోర్నపాల్ అంగడిలో ఎండుమిరపకాయలు అమ్ముతున్న దుర్గమ్మ తనంతట తనే అడిగింది.

"సినిమా ఎవరి మీద బిడ్డా?"

"మా లక్మే అవ్వ మీద."

"అయితే నేనొస్త."

సరిహద్దు అవతల చర్ల వైపు మిరప చేలల్లో కూలి చేసి చేసి ముసలిదైన మనిషి. రాయికి మొక్కే పక్కింటి ముసలమ్మ వేషానికి అచ్చంగా సరిపోతుందని సన్నే సంబరపడింది. ఆ సంబరం కాస్తా ఇవాళ ఆవిరైపోయింది.

"ఆమె గట్టు వేరేమో," నంద గొణిగాడు. గట్టు అంటే వాళ్లలో గోత్రం లాంటిది. "పరాయి గట్టు రాయికి మొక్కనంటదేమో."

రాళ్లకు పూజ చేసే ముసలయ్య ఆ మాట కొట్టిపారేశాడు. ఆవపల్లి నుంచి ఈ మధ్యే వచ్చినవాడే అయినా ఆచారాల్లో దిట్ట.

"గట్టుతోటి పనేంది? సచ్చినోళ్లకు బతికినోళ్లు ఎవరన్న పెట్టొచ్చు."

"ఇన్నవా అవ్వా?" అంది సన్నే.

"ఇన్న బిడ్డా."

"మరి పెట్టు."

"పెట్ట."

సన్నేకి తల బాదుకోవాలనిపించింది. పొద్దున బాగానే ఉందే! నంద తెచ్చిన రేషన్ బియ్యం వద్దని, తన కొంగుముడిలోని వడ్లే తీసుకుంది. ఎంత శ్రద్ధో అని అందరూ మురిసిపోయారు. "మీ నాయన రాలేదేంది?" అని రెండుసార్లు అడిగింది. "నాన్న నిరుడు పోయిండవ్వా" అని చెప్పినప్పటి నుంచే ఏదో అయింది. వెళ్లి దూరంగా కూలబడింది. మధ్యాహ్నం ముద్ద ముట్టలేదు. ఎండదెబ్బేమోనని నంద అంబలి తెచ్చి ఇస్తే అదీ తాగలేదు.

"రేపు రాయి తీసేస్తరవ్వా. ఈ పొద్దు పోతే మళ్ల దొరకది," సన్నే బతిమాలింది.

"తీస్తే తియ్యనీ. మంచిదేనాయె."

సన్నేకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మంచిదా? నీకేం తెలుసు? మంచాన పడ్డంక కూడ మా నాన్న నా భుజం పట్టుకొని ఈడికొచ్చి గింజలు పెట్టిండు. 'అమ్మా, నిన్నొదిలి ఉరికిన' అని ఒకటే ఏడుపు. ఆ తల్లికి నాలుగు గింజలు పెడితే నీ సొమ్మేం పోతది?"

అంతసేపూ బిగబట్టుకున్న దుఃఖం తన్నుకొచ్చింది. సన్నే రోడ్డు పక్కనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నంద కెమెరా ఆపడం మర్చిపోయాడు.

దుర్గమ్మ మెల్లగా కదిలి వచ్చింది, రాయి దగ్గరికి కాదు, సన్నే దగ్గరికి. పిడికిలి విప్పి, చెమటకు తడిసిన గింజలన్నీ సన్నే దోసిట్లో పోసింది. ఆమె కూడా ఏడుస్తోంది.

"ఇవి విత్తనపు వడ్లు. చేన్ల చల్లుకో. ఆడ మాత్రం పెట్ట."

"ఎందుకవ్వా? ఎందుకు పెట్టవు?"

దుర్గమ్మ సన్నే తల నిమిరింది.

"నా రాయికి నేనే ఎట్ల పెట్టుకుంట బిడ్డా?"