ఎనిమిదో గొంతు

తలుపు పిడి ఊడి గాయకుడి చేతికొచ్చింది.

ఒక్క క్షణం దాన్ని మైకులా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తలుపును లాగాడు, తోశాడు, భుజంతో గుద్దాడు. భుజం నొప్పెట్టింది గాని తలుపు కదల్లేదు.

కాసేపట్లో రికార్డింగు. ఒకే పాటలో ఏడు గొంతులు పలకాలి: పసిపాప, ముసలాయన, తాగుబోతు, దొంగ, పోలీసు, పెళ్లికూతురు, దెయ్యం. ఇది ఇంకెవరివల్లా కాదని సంగీత దర్శకుడు ఆయనకే ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "మీరు ఆలస్యం చేస్తే మాత్రం ఆ కుర్రగాయకుడితో కానిచ్చేస్తాను. ఎలాగూ స్టూడియోలోనే కాచుక్కూర్చుంటాడు" అని ఒక చురక కూడా అంటించాడు. ఆ కుర్రగాయకుడి మాటెత్తితే చాలు, మన గాయకుడికి ముద్ద దిగదు.

సాధనకు స్నానాలగదిని ఎంచుకోవడమే తప్పు. గొంతు గుండ్రంగా మోగుతుందని ఆయన ముచ్చట. అది ఇంటి వెనకవైపు, దొడ్డి గుమ్మం పక్కన ఉంది. అక్కడినుంచి వంటింట్లోకి మాట వినిపిస్తుంది గాని మనిషి కనిపించడు.

"ఏమోయ్! లోపల ఇరుక్కుపోయాను! తలుపు తియ్యి!"

"బాగుందండీ!" వంటింట్లోంచి భార్య బదులిచ్చింది. "అది దొంగ గొంతేనా?"

"దొంగా కాదు, దొరా కాదు! నేనే! బయటికి రాలేకపోతున్నా!"

"ఓహో, పోలీసులు పట్టేసుకున్నారన్నమాట. కానివ్వండి, కానివ్వండి."

ఆవిణ్ణి అనడానికేమీ లేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ గదిలోంచి ఆవిడ వినని కేక లేదు. హత్యలు, పురుళ్ళు, వరదలు, పడవ ప్రమాదాలు అన్నీ అయ్యాయి. కొత్తలో ఒకసారి "పాము! పాము!" అని వినబడి కర్ర పట్టుకుని పరుగెత్తింది. తీరాచూస్తే పాము పల్లవిలో ఉంది. ఆనాటి నుంచి కొంప అంటుకుందన్నా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి కదలదు.

గాయకుడికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. గోడ అవతల మొక్కలకు నీళ్ళు పెడుతున్న పక్కింటి రిటైర్డ్ మాస్టారు చెవులు రిక్కించాడు.

"ఏడుపు ఫరవాలేదు గానండీ," అన్నాడు వెంటిలేటరు వైపు తలెత్తి, "అందులో ఇంకాస్త నిజం ఉండాలి. పాత పాటల్లో మీరు ఏడిస్తే మా ఇంటిల్లిపాదీ ఏడ్చేవాళ్ళం."

"నిజం ఏడుపే మాస్టారూ! మీ కాళ్ళు పట్టుకుంటాను, వచ్చి తలుపు తియ్యండి!"

"ఆఁ! అదీ! ఇప్పుడు పడింది!" మాస్టారు చప్పట్లు కొట్టి, పైపు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గాయకుడు రచ్చ ఎప్పుడో గెలిచాడు. ఇప్పుడు ఇంట్లోనే, అదీ స్నానాలగదిలో, ఓడిపోయేలా ఉన్నాడు.

బకెట్టు బోర్లించుకుని కూర్చుని ఆలోచించాడు. బాగా పలికినంతసేపూ ఎవరూ రారు. అదే అపశ్రుతి పలికితే? గొంతుకేమైందోనని ఆవిడే పరుగెత్తుకొస్తుంది! వెంటనే తప్పుగా ఒక పాట ఎత్తుకున్నాడు. కానీ ఆ విద్య ఆయన ఎన్నడూ నేర్వలేదు. పక్కకి తోసిన స్వరం బుద్ధిగా వెనక్కొచ్చి తన చోట్లో తాను కూర్చుంది.

"కొత్త ట్యూనా అండీ? ప్రాణం హాయిగా ఉంది!" అంది భార్య వంటింట్లోంచి.

అప్పుడు గుర్తొచ్చాడు బావమరిది. ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. బావంతటి గాయకుణ్ణవుతానని పట్టుబట్టినవాడు. అతను నోరు విప్పితే శ్రుతి వీధిలో, తాళం దొడ్లో, తను నట్టింట్లో. గాయకుడు ఇంతవరకు అనుకరించని గొంతు అదొక్కటే. ఎక్కడ అంటుకుంటుందోనని భయం. ఇప్పుడు భయపడితే పాట కుర్రగాయకుడి పాలవుతుంది.

ఆ గొంతును మనసులోకి తెచ్చుకోవడానికి చాలాసేపు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, తెగించి, ముక్కుతో ఒక రాగం తీశాడు. వెంటిలేటరు అద్దం గడగడలాడింది. అచ్చం బావమరిదే!

వంటింట్లో గిన్నె దభాలున కిందపడింది. అడుగులు పరుగెత్తుకొచ్చాయి. గాయకుడికి ప్రాణం లేచొచ్చింది. ఈ గొంతులోనూ తనే మొనగాణ్ణని కాస్త గర్వం కూడా కలిగింది.

ఠక్కున బయటి గడియ పడింది.

"ఒరే తమ్ముడూ!" తలుపు సందులోంచి ఆవిడ గుసగుసగా అంది. "దొడ్డిదారిన ఎప్పుడు దూరావురా? మీ బావ ఇప్పుడే బట్టలు మార్చుకోవడానికి మేడెక్కినట్టున్నారు. రికార్డింగు రోజున నీ కూత ఆయన చెవిన పడిందా, ఆయన శ్రుతీ పోతుంది, నా కాపురమూ పోతుంది! కిక్కురుమనకుండా కూర్చో!"

"ఒసేయ్, తమ్ముడు కాదే! నేనే! నీ మొగుణ్ణి!" గాయకుడు సొంత గొంతుతో గావుకేక పెట్టాడు.

అవతల ఆవిడ ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

"నా తండ్రే! ఇన్నాళ్ళకి అచ్చు మీ బావ గొంతు పట్టేశావురా! ఉండు, ముందు ఆయన్ని రికార్డింగుకి సాగనంపి, అప్పుడొచ్చి గడియ తీస్తా!"