నంబరు పడ్డ ఫిర్యాదు

మధ్యాహ్నం మూడింటికి కేబుల్ కంపెనీ మెకానిక్ దయచేశాడు.

తలుపు తీసిన ఇల్లాలు అతణ్ణి ఆపాదమస్తకం పరికించింది. కంపెనీ చొక్కా, భుజాన సంచీ, చేతిలో అట్టకు తగిలించిన కాగితం. తపస్సు ఫలించిన దానిలా ఆమె రెండు చేతులూ జోడించింది.

"రండి, రండి! ఎంతటివారు, మా గడప తొక్కారు!"

"అది కాదు, నేను..."

"డ్యూటీలో ఉన్నారు కదా. ముందు పని కానివ్వండి."

నాలుగింటికి ఆమెకు ఇంటర్వ్యూ. ఉద్యోగం మానేసిన తొమ్మిదేళ్ళకు వచ్చిన మొదటి పిలుపు. ఫోను చాలదు, కంప్యూటరు ముందే కూర్చోవాలని పిలిచినవారి నియమం. ఆ కంప్యూటరుకేమో నాలుగు నెలలుగా ఇంటర్నెట్ ఒక పూట ఉంటే రెండు పూటలు లేదు. ఇవాళ పొద్దుటినుంచి అసలే లేదు.

చెప్పవలసినవారికి ఆమె నోటితో చెబుతూనే వచ్చింది. ప్రతిసారీ "ఆదివారం చూద్దాం" అన్న అభయం లభించింది. ఆదివారాలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చి వెళ్ళాయి. విసిగి వేసారి ఈ ఉదయం కంపెనీకి ఫోన్ చేసి, ఫిర్యాదుకు నంబరు వేయించింది. నంబరుకున్న మహిమ నోటికెక్కడిది? పూట తిరిగేలోగా మనిషి వచ్చాడు.

లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది.

"ఎవరే వచ్చిందీ?"

"కేబుల్ కంపెనీవాళ్ళు, అత్తయ్యా!"

మెకానిక్ ఇబ్బందిగా దగ్గాడు.

"అన్నం తిన్నాడో లేదో అడగవే!" అంది అత్తగారు.

"తినే తీరిక వారికెక్కడిది లెండి!"

మెకానిక్ తల వంచుకొని పనిలోకి దిగాడు. తీగ మార్చి చూశాడు. లాభం లేదు. తన సంచీలోని లాప్‌టాప్‌ను మోడెంకు తగిలించాడు. అందులో ఇంటర్నెట్ పరుగులు తీసింది.

"లైను బాగానే ఉంది. మోడెమూ బాగానే ఉంది. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డే పని చేయట్లేదు."

"అంటే, కంపెనీ తప్పు ఇసుమంతైనా లేదన్నమాట. నాకు తెలుసు. ఎప్పుడూ తప్పు మాదే."

అతడు కంప్యూటరు పెట్టె విప్పాడు. లోపల దుమ్ము దుప్పటిలా పరచుకొని ఉంది. కార్డు ఒక పక్కకు ఒరిగి, బిగువు తప్పి కూర్చుంది. దాన్ని ఊడదీసి, ఎవరినీ అడగకుండా గోడవైపు రెండో సొరుగు లాగి, పెన్సిళ్ళ మధ్యనుంచి రబ్బరు తీసుకున్నాడు. కార్డు అంచును అద్దంలా మెరిసేదాకా రుద్దాడు.

"మొహమాటం బొత్తిగా లేని మనిషండీ మీరు," అంది ఆమె.

గోడగడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఎన్ని మాటలు విసిరినా ఆమె చూపు దాన్ని వదలడం లేదు.

కార్డు బిగించి కంప్యూటరు వేశాడు. వెనుక పచ్చదీపం వెలిగింది. అయినా ఇంటర్నెట్ రాలేదు.

"ఏమైంది మళ్ళీ?" అంది ఆమె.

"మోడెం ఇందాకటి లాప్‌టాప్‌నే గుర్తు పెట్టుకుంది. ఆపి, మళ్ళీ పెడితేగానీ ఈ కార్డును గుర్తుపట్టదు. రెండు నిమిషాలు."

"పాపం, దాని తప్పేముంది? కనబడని మొహాన్ని ఎవరైనా ఎన్నాళ్ళని గుర్తు పెట్టుకుంటారు?"

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. మోడెం ఆపాడు. అవి రెండు నిమిషాలు కావు, రెండు యుగాలు. మళ్ళీ వేశాడు. దీపాలు ఒక్కొక్కటే మేలుకున్నాయి. మూడూ యాభైకి ఇంటర్వ్యూ పేజీ తెర నిండా విచ్చుకుంది.

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. వెంటనే పాత ధోరణి అందుకుంది.

"సంతకం ఎవరు పెట్టాలి? కనెక్షన్ మా ఆయన పేరు మీదుంది. ఆయన్ని పట్టుకోవడం మీ కంపెనీవాళ్ళను పట్టుకోవడం కంటే కష్టం."

"ఇంట్లోవాళ్ళు ఎవరు పెట్టినా చాలు," అని గొణిగాడు మెకానిక్.

ఆమె సంతకం చేసి, అభిప్రాయం రాయమన్న చోట గుండ్రని అక్షరాలతో ఇలా రాసింది: 'పనిమంతుడే. దర్శనమే దుర్లభం.'

అది చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అతడు సంచీ అడుగున దాచాడు. జేబులో ఫోన్ మోగింది. ఎవరిదో మరో ఫిర్యాదు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, వెనక్కి తిరిగి, "భయపడకుండా చెప్పాలి. తప్పకుండా వస్తుంది ఉద్యోగం," అన్నాడు.

కుర్చీలో సర్దుకు కూర్చుంటూ, తెరమీదినుంచి చూపు తిప్పకుండానే ఆమె అంది:

"అలాగే గానీ, ఇవాళైనా మీ అమ్మ నిద్రపోకముందే ఇంటికొస్తారా, లేక దానికి కూడా కంపెనీలో నంబరు వేయించమంటారా?"