వేడి బూడిదలో ఆలుగడ్డలు

దాజీ పేట్ నేతవాడలో మగ్గం దిగి వచ్చిన సాయిలుకు భార్య గోదావరి కాల్చిన ఆలుగడ్డలు పెట్టింది. వేళ్లతో నొక్కగానే మెత్తగా విచ్చుకున్నాయి.

"ఎట్ల కాల్చినవే ఇంత మెత్తగ?"

"మంట మీద పెడితే పైన మాడుతది, లోపల పచ్చిగుంటది. మంట ఆరినంక వేడి బూడిదల పూడ్చాలె. జల్ది చేయద్దు."

"మొదట్ల రాళ్ల లెక్క ఉండేటియి. ఎవలు నేర్పిండ్రు?"

"నువ్వే."

సాయిలు నవ్వాడు. గోదావరి నవ్వలేదు.

"పోయిన హోలీ నాడు, గడ్డ గట్టిగున్నదని మూతి మీద గుద్దినవు. తాగి ఉంటివి, నీకు యాది లేదు. ముందరి పండ్లు ఊడినయి. అప్పటిసంది మెత్తగ లేకుంటే నేను తినలేను."

ఇన్నాళ్లూ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకునే తింటోందని సాయిలు అప్పుడు గ్రహించాడు.