పాత ఇంటికి వెళ్ళిన కవరు

దేవుడు మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు. ఫోన్ కంపెనీకి మనిషంటే ఒక నంబరు!

తన గురించి కంపెనీ రాసిపెట్టుకున్న వివరాలన్నీ ఇమ్మని ఒక దర్జీ ఆవిడ అడిగింది. కంపెనీ వాటిని, ఆమె కొత్త చిరునామాతో సహా, పాత ఇంటికి పంపింది. ఇప్పుడు నష్టపరిహారం కావాలని ఆమె కంపెనీ ఆఫీసుకొచ్చి ఎదుట కూర్చుంటే, అక్కడి రాతిగుండె మేనేజరు నవ్వాడు.

“పొరపాటే తల్లీ, ఒప్పుకుంటా. కానీ కవరు అందుకున్నది మీ ఆయనే కదా, పరాయివాడా? ఇందులో మీకేం నష్టం? పాపం, మీతో వచ్చి గేటు దగ్గరే నిలబడ్డారట. లోపలికి రమ్మనండి.”

ఆమె గేటు వైపు తల తిప్పలేదు.

“ఆ మనిషి నాతో రాలేదు సార్. మూడేళ్ళు దాక్కుని బతికాను. మొన్న మీ కవరు పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. పరిహారం సంగతి తర్వాత చూద్దాం. ఈ ఆఫీసుకి వెనక దారి ఉందా?”