సింగపూర్‌లో క్షవరం

"ఆ హిప్పీ వెధవ వల్లే మనకీ గతి!" అన్నాడు వాసుదేవరావు, తెలుగులోనే. అక్కడ తెలుగు ఎవడికి తెలుస్తుందిలే అని ధైర్యం.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన విమానం ఆలస్యమైంది. సింగపూర్‌లో దిగేసరికి మద్రాసు విమానం కాస్తా ఎగిరిపోయింది. మళ్ళీ రేపే.

చాలదన్నట్టు ఒక సూట్‌కేసు దారిలో టోక్యోలోనే ఉండిపోయింది. కూతురు రేణు జ్వరం మందు అందులోనే ఉంది.

ఎయిర్‌లైన్స్ వాళ్ళు హోటల్ ఇచ్చారు. దారిలో ఊరు కూడా చూపిస్తామన్నారు. కానీ అందరూ ఎక్కితేగాని బస్సు కదలదట.

అందరూ వచ్చారు. ఆ ఒక్కడూ తప్ప.

1978లో అక్కడ ఓ పట్టింపు ఉండేది. మగవాళ్ళ జుట్టు కాలరు దాటకూడదు. ఇతనికేమో భుజాలు దాటింది. పైగా బెల్‌బాటమ్ ప్యాంటు.

"కత్తిరించుకో. లేదంటే పెద్దాఫీసరు వచ్చేదాకా ఆగు" అన్నాడు ఇమిగ్రేషన్ కౌంటర్లో ఆఫీసరు.

"ఆగుతాను" అన్నాడతను.

ఎంతసేపో! ఆ పెద్దాయన రాడు. ఇతను కదలడు. వాసుదేవరావుకి కాళ్ళు పీకుతున్నాయి. భార్య నళిని భుజం మీద రేణు మూలుగుతోంది. పిల్లని ఎప్పుడు పక్క మీద పడుకోబెడతామా అని ఇద్దరి ప్రాణాలూ కొట్టుకుంటున్నాయి.

"జుట్టు పోతే ప్రాణం పోతుందా వీడికి?" గట్టిగానే అరిచాడు వాసుదేవరావు.

అతను చటుక్కున ఇటు తిరిగాడు.

"పాపకి జ్వరమాండీ?"

అచ్చ తెలుగు! వాసుదేవరావు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

"ఒళ్ళు కాలిపోతోంది బాబూ. మందు కూడా లేదు" అంది నళిని.

"ఎన్నేళ్ళు?"

"నాలుగు."

అతను ఏదో చెప్పబోయి ఆగాడు. రేణు నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఆఫీసరుతో ఒక ముక్క చెప్పి, పక్కనే ఉన్న మంగలి షాపులోకి నడిచాడు.

తిరిగొస్తే ఎవరో అనుకున్నారు. బోడి మెడ, చేతిలో జేబురుమాలు మూట.

బస్సు కదిలింది. అతని పేరు శ్రీధర్ అని తెలిసింది. అద్దంలోంచి ఓడరేవు కనిపించింది. నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ దగ్గర అందరూ దిగారు. చూసే ఓపిక ఎవరికీ లేదు. అయినా వాసుదేవరావు కెమెరా తీశాడు. డబ్బిచ్చి కొన్నది మరి!

"ఇలా నిలబడవోయ్ శ్రీధర్! ఇప్పుడు మనిషిలా ఉన్నావు. ఆ మూటేంటి, జుట్టే? దాచుకుంటావా?"

శ్రీధర్ నవ్వాననిపించాడు. మూట మాత్రం వదల్లేదు.

హోటల్ చేరాక అతనే ఎక్కడికో వెళ్ళి మందు తెచ్చిచ్చాడు. తెల్లారేసరికి రేణుకి జ్వరం తగ్గింది. మద్రాసులో దిగాక ఎవరి దారి వాళ్ళది. సామాన్ల హడావిడిలో అతనికి థాంక్స్ చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

మళ్ళీ అమెరికా వచ్చాక, ఆ ఏడాది చివర సన్నీవేల్‌లో స్నేహితుడు మూర్తిగారింట్లో భోజనాలు. వాసుదేవరావు సింగపూర్‌లో తీసిన ఫోటో అందరికీ చూపించి, హిప్పీ క్షవరం కథ అభినయించి మరీ చెప్పాడు. అందరూ పడీపడీ నవ్వారు.

మూర్తి ఒక్కడే నవ్వలేదు.

"ఇతను మా ఆఫీసేనండీ."

"అలాగా! ఇప్పుడైనా బుద్ధిగా ఉన్నాడా?"

"మళ్ళీ జుట్టు పెంచుతున్నాడు."

"చూశారా! కుక్క తోక వంకరని ఊరికే అన్నారా?"

"ఊరుకోండి" అంది నళిని. ఆవిడకి ఎందుకో ఆ జేబురుమాలు మూటే గుర్తొస్తోంది. "ఎందుకు పెంచుతున్నాడండీ?"

మూర్తి ఫోటోని ఆవిడ చేతిలో పెట్టాడు.

"వాళ్ళ పాపకి గుండె ఆపరేషన్ అయిందమ్మా. బతికితే తిరుపతి కొండ మీద తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. పాప బతికింది, ఆ మొక్కు తీర్చడానికే ఆ రోజు బయల్దేరాడు."